మొక్కల ట్యాంకులో మొండి పాచి: పీకితే పోనిదాన్ని వదిలించే పద్ధతి

అక్వేరియంలో పెంచే అనూబియాస్ మొక్క ఆకు అంచున నల్లటి కుచ్చులా పట్టిన పాచిని గోటితో గీకి చూడండి. ఆకు చిరుగుతుందే తప్ప పాచి ఊడిరాదు. గాజు మీద ఆకుపచ్చ చుక్కలదీ అదే వరస, స్పాంజితో ఎంత రుద్దినా కదలవు. ఇక్కడే చాలామంది సీసా మందు తెచ్చి పోస్తారు. పాచి తెల్లబడి రాలుతుంది, రెండు వారాలకి అదే చోట మళ్ళీ మొలుస్తుంది. మందు పాచిని చంపింది కానీ, దాన్ని పెంచిన పరిస్థితిని ముట్టుకోలేదు.

ఎదుగుదల ఆగిన మొక్క, ముసలి ఆకు, కుళ్ళుతున్న కాడ తమలోని పోషకాలను నీటిలోకి వదిలేస్తాయి. పాచి ముందుగా పట్టేది అక్కడే. మొక్కలు ఆగకుండా పెరుగుతున్న ట్యాంకులో దానికి నిలదొక్కుకోవడం కష్టం. అందుకే ఈ పని పొడవునా మీరు చూడాల్సింది కొత్త ఆకుని. దట్టంగా పాచి పట్టిన పాత ఆకు మళ్ళీ బాగుపడదు, కత్తిరించాల్సిందే. మార్పు చేశాక పుట్టిన ఆకులు రెండు మూడు వారాలు దాటినా శుభ్రంగా ఉంటే మీ దారి సరైనది. వాటికీ పాచి అంటుకుంటే కారణం ఇంకా దొరకలేదని అర్థం.

ముందు అది ఏ పాచో తేల్చుకోండి

అన్నిటికన్నా మొండిది నల్ల గడ్డం పాచి. అక్వేరియం పెంచేవాళ్ళు బీబీఏ అంటారు. పొట్టి నల్ల కుచ్చులు ఆకు అంచుల్లో, చెక్క మీద, ఫిల్టర్ నీరు వచ్చే గొట్టం మూతి దగ్గర పడతాయి. చూపుకి నలుపైనా ఇది ఎర్ర శైవలాల వర్గానిది. చచ్చేటప్పుడు ఎర్రగానో గులాబీగానో మారేది అందుకే. మొక్కల కోసం నీళ్ళలోకి వదిలే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువగా ఊగుతున్నా, ట్యాంకులో చెత్త పేరుకున్నా ఇది రాజ్యమేలుతుంది. జింక కొమ్ములా చీలిన బూడిద రంగు పోగులు కనిపిస్తే అది స్టాగ్‌హార్న్. అదీ ఎర్ర శైవలమే, వైద్యమూ అదే. ఫిల్టర్ మురికిపట్టి ప్రవాహం తగ్గిన ట్యాంకుల్లో ఎక్కువగా చూస్తాం.

గాజు మీదా, పాత ఆకుల మీదా గట్టి గుండ్రటి ఆకుపచ్చ చుక్కలు గ్రీన్ స్పాట్. బ్లేడుతో గీకితేనే పోతాయి. ఫాస్ఫేట్ చాలకపోవడం, లైటు ఎక్కువవడం ఇందులో మామూలుగా కనిపించే జోడీ. వేలితో తుడిస్తే పోయి, రెండు రోజుల్లో మళ్ళీ గాజంతా పచ్చగా కమ్మేది గ్రీన్ డస్ట్. దీన్ని రోజూ తుడవడం పొరపాటు. తుడిచిన ప్రతిసారీ ఈదే బీజాలు నీళ్ళలోకి చెదిరి మళ్ళీ గాజుకే అంటుకుంటాయి. మూడు నాలుగు వారాలు ముట్టుకోకుండా వదిలేయండి. పొర దళసరై తనంతట తాను ఊడడం మొదలయ్యాక గీకేసి, అదే రోజు సగం నీళ్ళు మార్చండి.

పొడుగాటి మెత్తని పోగులు హెయిర్ ఆల్గే. ఒక పోగు తీసి వేళ్ళ మధ్య నలపండి. జారుడుగా ఉంటే మామూలు రకం. గరుకుగా, కొమ్మలు కొమ్మలుగా ఉండి మాస్ (చెక్కకి, రాళ్ళకి కట్టి పెంచే మెత్తని పొట్టి మొక్క)లో అల్లుకుపోతే అది క్లాడోఫోరా. క్లాడోఫోరాకి చేత్తో ఏరడం తప్ప సులువైన దారి లేదు. మాస్ మొత్తం పట్టేస్తే ఆ మాస్‌ని పారేసి కొత్తది కట్టుకోవడమే మంచిది.

నీలి పచ్చ రంగులో దుప్పటిలా పరుచుకుని, పట్టి లాగితే పొరలు పొరలుగా లేచివచ్చి, చెడు వాసన వేసేది సయనోబాక్టీరియా. అది పాచి కాదు, బాక్టీరియా. దాని సంగతి విడిగా చెప్పుకుందాం. కొత్త ట్యాంకులో గోధుమ రంగు దుమ్ములా పట్టేది డయాటమ్. తుడిచేసి నీళ్ళు మారుస్తూ ఉంటే నెలా నెలన్నరలో సాధారణంగా తనే తగ్గుతుంది, దానికి మందులు వాడకండి. నీళ్ళే పచ్చబడితే యూవీ స్టెరిలైజర్ (నీళ్ళని అతినీలలోహిత కాంతి గుండా పంపే పరికరం) పెడితే కొద్ది రోజుల్లో తేటపడతాయి.

నీళ్ళ లెక్క

మందైనా ఎరువైనా లీటరు లెక్కనే వేయాలి. ట్యాంకు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60 × 30 × 36 ట్యాంకు దాదాపు 65 లీటర్లు. మట్టి, రాళ్ళు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే అసలు నీళ్ళు 55 లీటర్ల దగ్గర ఉంటాయి. 65కి లెక్కగట్టి పోస్తే మందు మోతాదు దాదాపు ఐదో వంతు పెరిగినట్టే. కింద చెప్పే ఉదాహరణలన్నీ ఈ 55 లీటర్ల ట్యాంకుకే.

మొదటి రోజు: చేతులతో చేసే పని

ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. దీన్ని వదిలేసి మందుకి పోకండి. పాచిని ఉన్నదంతా ఒక్కసారిగా మందుతో చంపితే ఆ చచ్చిన పదార్థం ట్యాంకులోనే కుళ్ళుతుంది. అమ్మోనియా పెరుగుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది, చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఆ అమ్మోనియానే తర్వాతి పాచికి దారి వేస్తుంది. అందుకని మందు వేయకముందే వీలైనంత పాచిని బయటికి తీసేయాలి.

ముందు ఫిల్టర్ ఆపండి, లేకపోతే తెగిన ముక్కలు ట్యాంకంతా చల్లుకుంటాయి. పాచి పట్టిన ఆకుల్ని కాడ మొదలుదాకా కత్తిరించండి. ఆకు సగమే కోసి వదిలితే ఆ మిగిలిన సగం కుళ్ళుతుంది. నెమ్మదిగా పెరిగే అనూబియాస్, బ్యూసెఫలాండ్రాలకైనా మూడో వంతు ఆకులు పోతే ఏమీ కాదు. హెయిర్ ఆల్గేని పాత టూత్‌బ్రష్‌కి చుట్టి, మెలితిప్పుతూ లాగండి, దారపు ఉండలా వచ్చేస్తుంది. గాజు మీద చుక్కలకి బ్లేడు వాడండి. అక్రిలిక్ ట్యాంకైతే మాత్రం బ్లేడు వద్దు, గీతలు పడతాయి, ప్లాస్టిక్ కార్డుతో గీకండి. ఒక చేత్తో బ్రష్, మరో చేత్తో సైఫన్ గొట్టం పట్టుకుని, రుద్దుతున్న చోటే నీళ్ళు లాగేయండి.

మట్టి పైన చేరిన చెత్తని సైఫన్‌తో పైపైనే పీల్చండి. పోషక మట్టి వేసిన ట్యాంకులో గొట్టాన్ని లోపలికి గుచ్చి కెలికితే అమ్మోనియా ఒక్కసారిగా పైకి వస్తుంది. చివరగా 50 శాతం నీళ్ళు మార్చండి. కొత్త నీళ్ళ వేడి పాత నీళ్ళకి ఒకటి రెండు డిగ్రీల లోపు ఉండాలి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటే, ట్యాంకులోకి నేరుగా నింపేటప్పుడు డీక్లోరినేటర్ మోతాదు మొత్తం ట్యాంకు నీళ్ళకి లెక్కగట్టండి.

ఫిల్టర్ లోపలి స్పాంజిని తీసిన ట్యాంకు నీళ్ళలోనే పిండండి. క్లోరిన్ ఉన్న కుళాయి కింద కడిగితే అమ్మోనియాని తినే బాక్టీరియా చచ్చిపోతుంది. ట్యాంకు శుభ్రం చేసిన వారానికే పాచి విరుచుకుపడిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. స్పాంజి, ఫిల్టర్‌లో బాక్టీరియా కోసం వేసే రింగులు ఒకే రోజు రెండూ శుభ్రం చేయకండి, మధ్యలో రెండు వారాలు వదలండి.

ఈ 50 శాతం నీళ్ళ మార్పు మొదటి మూడు వారాలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికోసారి.

లైటు, సీఓటూ, ప్రవాహం

లైటుని టైమర్ మీద 6 గంటలకి దించండి. చేత్తో వేసి ఆర్పే లైటు ఒకరోజు 6, ఇంకోరోజు 10 గంటలు వెలుగుతుంది. డిమ్మర్ ఉంటే వెలుగునీ మూడో వంతు తగ్గించండి, లేకపోతే లైటుని పది పదిహేను సెంటీమీటర్లు పైకి ఎత్తండి. కిటికీ ఎండ నేరుగా పడుతుంటే ఆ పక్క గాజుకి నల్ల కాగితం అంటించండి. లైటు తగ్గితే మొక్క అడిగే సీఓటూ, ఎరువు కూడా తగ్గుతాయి. లోటు ఎక్కడున్నా దాన్ని సరిచేసుకోవడానికి మీకు సమయం దొరుకుతుంది.

సీఓటూ సిలిండర్ ఉన్న ట్యాంకులో నల్ల గడ్డం పాచి వచ్చిందంటే, వెతకాల్సింది మొదట అక్కడే. సీఓటూ ఎంతుందో రంగుతో చూపే చిన్న బుడ్డి డ్రాప్ చెకర్. అందులో ట్యాంకు నీళ్ళు పోస్తే అది చెప్పే రంగుకి విలువ లేదు. 4 డీకేహెచ్ (కార్బనేట్ కఠినత్వపు కొలత) ద్రావణమే పోయాలి. అప్పుడు నీలం అంటే తక్కువ, ఆకుపచ్చ అంటే లీటరుకి 30 మి.గ్రా. దగ్గర, పసుపు అంటే చేపలకి ప్రమాదం. ఇది చూపించే రంగు గంట రెండు గంటల క్రితం నాటిదని గుర్తుంచుకోండి. లైటు వెలగడానికి రెండు గంటల ముందే సీఓటూ మొదలవ్వాలి, లైటు ఆరే గంట ముందు ఆగాలి. లైటు వెలిగే క్షణానికి చెకర్ ఆకుపచ్చలో ఉండి, మధ్యాహ్నమైనా అదే రంగులో నిలవాలి. పొద్దున నీలం, సాయంత్రం ఆకుపచ్చ అయితే మొక్కలు పనిచేసే మొదటి గంటలన్నీ ఆకలితో గడిచినట్టే.

పీహెచ్ మీటరుంటే ఇంకా నమ్మకమైన పరీక్ష ఒకటుంది. ఒక గ్లాసు ట్యాంకు నీళ్ళు ఒకరోజంతా తెరిచి ఉంచి పీహెచ్ చూడండి. తర్వాత సీఓటూ నిండుగా ఉన్న వేళ ట్యాంకులో చూడండి. రెండిటి మధ్య తేడా 1 దగ్గర ఉంటే సరిపోయినట్టు. తక్కువుంటే బుడగల వేగాన్ని రోజుకి కాస్తంత మాత్రమే పెంచండి. పెంచిన రోజు ఇంట్లో ఉండి చేపల్ని గమనించండి. అవి పైకి చేరి గాలి మింగుతుంటే వెంటనే సీఓటూ ఆపి, నీటి ఉపరితలం బాగా కదిలేలా చేయండి.

సీఓటూ లేని ట్యాంకులో లైటే మీ చేతిలో ఉన్న పగ్గం. ఆ 6 గంటల దగ్గరే నిలకడగా ఉంచి, వేగంగా పెరిగే మొక్కలు వేయండి: సెరటోఫిల్లం, వాటర్ స్ప్రైట్, తేలే సాల్వీనియా. తేలే మొక్కలు ఉపరితలాన్ని సగానికి మించి కమ్మకుండా తీసేస్తూ ఉండాలి. అలా తీసి బయట పడేసిన ప్రతి గుప్పెడుతో నీళ్ళలోని నైట్రోజన్ కూడా బయటికి పోతుంది.

ప్రవాహం చాలా లేదా అని తెలుసుకోవడానికి మొక్కల్నే చూడండి. అన్ని మూలల్లో ఆకులు మెల్లగా ఊగాలి. ఒక మూల కదలకపోతే చెత్త చేరేది, పాచి మొదలయ్యేది అక్కడే. ఫిల్టర్ గంటకి ట్యాంకు నీళ్ళని కనీసం 5 సార్లు తిప్పాలి. పెట్టె మీద రాసిన అంకె ఖాళీ ఫిల్టర్‌ది కాబట్టి, 8 నుంచి 10 రెట్లు రాసి ఉన్నది తీసుకుంటే సరిపోతుంది.

ఎరువు మానేయకండి

పాచి రాగానే ఎరువు ఆపేయడం సహజంగా తోచే పని, కానీ దెబ్బతినేది మొక్క. పాచికి కావాల్సింది చాలా కొంచెం, ఆ కొంచెం ఎలాగూ దొరుకుతుంది. పోషకాలు లేక పాత ఆకులు పసుపెక్కి కరుగుతాయి, పాచికి కొత్త మేత సిద్ధమవుతుంది.

నైట్రేట్ లీటరుకి 10 నుంచి 20 మి.గ్రా., ఫాస్ఫేట్ 1 నుంచి 2 మి.గ్రా. ఉంచండి. పరీక్ష కిట్‌తో చూసి, తక్కువున్నదే కలపండి. 1.6 గ్రాముల పొటాషియం నైట్రేట్ 100 లీటర్లలో నైట్రేట్‌ని 10 మి.గ్రా. పెంచుతుంది. మన 55 లీటర్లకి 0.9 గ్రాము. ఫాస్ఫేట్ తూకం మరీ చిన్నది కాబట్టి ద్రావణం చేసుకోండి. 10 గ్రాముల మోనో పొటాషియం ఫాస్ఫేట్‌ని నీళ్ళలో కరిగించి మొత్తం 500 మి.లీ. చేయండి. దీని 7 మి.లీ. 100 లీటర్లలో ఫాస్ఫేట్‌ని 1 మి.గ్రా. పెంచుతుంది. 55 లీటర్లకి 4 మి.లీ. చాలు. గ్రీన్ స్పాట్ పదే పదే వస్తున్న ట్యాంకులో చాలాసార్లు ఈ ఒక్క మార్పే తేడా తెస్తుంది. ఉన్న చుక్కలు పోవు, గీకాలి. గీకిన చోట కొత్తవి రావడం తగ్గుతుంది.

మందు: ఎక్కడ, ఎంత

ఎర్ర శైవలాలకి, క్లాడోఫోరాకి చేత్తో తీయగా మిగిలినదాని మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడొచ్చు. చివరికి నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోయే మందు ఇది. సీసా మీద శాతం చదవండి. 3 శాతం అంటే 10 వాల్యూమ్, 6 శాతం అంటే 20 వాల్యూమ్. ఇక్కడ చెప్పేది 3 శాతం లెక్క. 6 శాతందైతే సమానంగా నీళ్ళు కలిపి వాడండి. చేతికి గ్లవుజులు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి.

ఒక విడతకి 100 లీటర్లకి 25 మి.లీ., మన ట్యాంకుకి 14 మి.లీ. ఫిల్టర్, పంపు ఆపి నీళ్ళు నిశ్చలమయ్యేదాకా ఆగండి. సిరంజి మొనని కుచ్చుకి ఆనించినంత దగ్గరగా పెట్టి, కుచ్చుకి 1 మి.లీ. చొప్పున నెమ్మదిగా వదలండి. వెంటనే సన్నని బుడగలు లేస్తాయి. పది నిమిషాలు ఆగి ఫిల్టర్ వేసి, మూడో వంతు నీళ్ళు మార్చండి. ఈ రోజు ట్యాంకులో ఒక మూడో భాగమే చేయండి, రెండు రోజులు ఆగి రెండోది, మరో రెండు రోజులకి చివరిది. చెక్క మీద పాచికి ఇంకో మంచి పద్ధతి ఉంది. నీళ్ళు మార్చేటప్పుడు మట్టం దించి చెక్క బయటపడ్డాక, అదే మోతాదుని దాని మీద స్ప్రే చేయండి. ఐదు నిమిషాలు ఉంచి నీళ్ళు నింపండి. నీళ్ళలో పలచబడదు కాబట్టి బాగా పట్టుకుంటుంది.

ఒకటి నుంచి మూడు రోజుల్లో నల్ల కుచ్చులు ఎర్రబడి, తర్వాత తెల్లబడతాయి. ఎర్రబడిందంటే చచ్చింది. నల్లగానే ఉన్న కుచ్చుకి మందు తగల్లేదు, మోతాదు పెంచకుండా మళ్ళీ గురిపెట్టండి. మాస్, వాలిస్నేరియా, రిచ్చియా మీద పడితే అవి మాడతాయి. రొయ్యలున్న ట్యాంకులో సగం మోతాదుతో మొదలుపెట్టండి.

గ్లూటరాల్డిహైడ్ ఉండే ద్రవ కార్బన్ మందులు కూడా ఎర్ర శైవలాల మీద పనిచేస్తాయి. సీకెమ్ ఎక్సెల్ సీసా మీద ఉండే మోతాదు: పెద్ద నీళ్ళ మార్పు తర్వాత 40 లీటర్లకి 5 మి.లీ., మిగతా రోజుల్లో 200 లీటర్లకి 5 మి.లీ. మన ట్యాంకుకి 7, ఆ తర్వాత రోజూ 1.4 మి.లీ. అంతకు మించకండి. వాలిస్నేరియా దీనికి కరిగిపోతుంది. పెరాక్సైడ్, ఇదీ ఒకే రోజు వాడొద్దు.

మొక్కని బయటికి తీయగలిగితే బ్లీచ్‌లో ముంచొచ్చు. వాసనలు, సబ్బు కలపని మామూలు బ్లీచ్ 1 పాలు, నీళ్ళు 19 పాళ్ళు. అనూబియాస్, జావా ఫెర్న్ లాంటి గట్టి ఆకులు 2 నిమిషాలు, అంతే. కాడల మొక్కలకీ, మాస్‌కీ ఇది పనికిరాదు. తీయగానే కడిగి, డీక్లోరినేటర్ ఎక్కువ వేసిన నీళ్ళలో పది నిమిషాలు ఉంచండి. బ్లీచ్‌ని పెరాక్సైడ్‌తోగానీ, ఆమ్లాలతోగానీ ఎప్పుడూ కలపకూడదు.

రాగి ఉన్న పాచి మందులు మాత్రం మొక్కల ట్యాంకులో పోయకండి. రొయ్యల్నీ నత్తల్నీ చంపుతాయి, మొక్కల్నీ దెబ్బతీస్తాయి.

సయనోకి చీకటి

పొరని సైఫన్‌తో వీలైనంత పీల్చి, 50 శాతం నీళ్ళు మార్చండి. సీఓటూ పూర్తిగా ఆపండి. చీకట్లో మొక్కలు దాన్ని వాడుకోవు, ఆపడం మరిచిపోతే చేపలు చచ్చిపోతాయి. ఎయిర్ పంపు పెట్టి, ట్యాంకుకి అన్ని వైపులా మందపాటి దుప్పటి కప్పి 3 నుంచి 4 రోజులు వదిలేయండి. తొంగిచూడొద్దు, మేత వేయొద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకి ఆ నాలుగు రోజులు ఇబ్బంది కాదు. తీసిన రోజు చచ్చిన పొరని పీల్చేసి మళ్ళీ 50 శాతం మార్చండి. ఈ చివరి మార్పు చేయకపోతే కుళ్ళిన పొరే కొత్త పొరకి ఎరువవుతుంది. నైట్రేట్ సున్నా దగ్గరుంటే 10కి తెచ్చి, ఆ మూలకి ప్రవాహం మళ్ళించండి. పొర సాధారణంగా పట్టేది నీళ్ళు కదలని చోటే.

తినే జీవులు

ఇవి మిగిలినదాన్ని ఏరుకుతింటాయి, పేరుకుపోయినదాన్ని తొలగించలేవు. హెయిర్ ఆల్గేకి అమానో రొయ్యలు, డయాటమ్‌కి ఓటోసింక్లస్, గాజు మీది పాచికి నెరైట్ నత్తలు. నెరైట్లు మంచినీళ్ళలో పిల్లల్ని పెంచలేవు కానీ చెక్క మీద తెల్ల గుడ్లు అంటిస్తాయి. ఓటోలని గుంపుగా, కుదురుకున్న ట్యాంకులోనే వేయండి.

నల్ల గడ్డాన్ని తినే చేప సయామీస్ ఆల్గే ఈటర్. పెరిగితే 15 సెం.మీ. దాకా వస్తుంది, చిన్న ట్యాంకుకి కాదు. ఆ పేరుతో వేరే చేపలు అమ్ముతుంటారు కాబట్టి కొనేముందు తోక చూడండి. అసలుదానికి నల్ల చార తోక రెక్క చివరిదాకా సాగుతుంది, రెక్కలు రంగు లేకుండా పారదర్శకంగా ఉంటాయి. రెక్కలకి నలుపు, తెలుపు అంచులుంటే అది ఫ్లయింగ్ ఫాక్స్. మేత ఎక్కువ వేస్తే అసలుది కూడా పాచి వైపు చూడదు. రెండు నిమిషాల్లో ఖాళీ అయ్యేంతే వేసి, వారంలో ఒకరోజు పస్తు పెట్టండి.

మూడు వారాల తర్వాత

మొదటి వారంలో ట్యాంకు ఇంకా అసహ్యంగా కనిపించొచ్చు, చచ్చిన పాచి వేలాడుతూ ఉంటుంది. ఆ వారంలో లైటు, ఎరువు, సీఓటూ మళ్ళీ మళ్ళీ తిప్పకండి. ఏ మార్పైనా రెండు వారాలు నిలకడగా ఉంచితేనే కొత్త ఆకుల మీద కనిపిస్తుంది. మొదటి రోజూ, తర్వాత ప్రతి వారం ఒకే చోటు నుంచి ఫొటో తీసుకోండి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు.

మూడో వారం చివర పైనున్న నాలుగైదు ఆకుల్ని దగ్గరగా పరికించండి. అంచులు శుభ్రంగా ఉంటే కింది పాత ఆకుల్లో ఇంకో విడత తీసేసి, సీఓటూ ఉన్న ట్యాంకులో లైటుని వారానికి అరగంట చొప్పున పెంచుకుంటూ 8 గంటల దాకా వెళ్ళండి. ఏదో ఒక వారం గాజు రెండు రోజులకే మసకబారడం మొదలైతే, ఒక అరగంట వెనక్కి తగ్గి అక్కడే ఉంచేయండి.